ఎక్కుడు సరే, దిగుడెట్ల?

పాత జీపో జిప్సీయో కొన్న సాఫ్ట్‌వేర్ మనిషి బండికి మొట్టమొదట కొనిపెట్టే వస్తువు ఎల్ఈడీ లైట్ బార్. రెండోది పెద్ద టైర్లు. మూడోది, నీళ్ళలో దిగినా ఇంజను గాలి పీల్చుకోవడానికి పెట్టే ఏనుగు తొండం లాంటి గొట్టం, స్నార్కెల్. (వాన పడ్డ రోజు గచ్చిబౌలిలో అది పనికొస్తుంది, ఒప్పుకుంటా :)) "సరే గానీ, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు?" అని అడగండి. "అమ్మినాయన మార్చే ఉంటాడు లే" అంటాడు.

మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. ఒకరిది వేలంలో కొన్న ఆర్మీ జిప్సీ, ఒకరిది తొంభైల నాటి మహీంద్రా, మూడో ఆయనది మొదటి తరం థార్. ముగ్గురూ స్పితీ, లద్దాఖ్ అంటున్నారు. అందులో ఒకాయన పెళ్ళాం పిల్లల్ని కూడా తీసుకుపోతాడట. లంచ్ టైములో వాళ్ళ మాటలన్నీ ఎక్కడం గురించే. ఎంత ఏటవాలు ఎక్కుతుంది, ఎంత రాయి మీదికి ఎక్కుతుంది, ఎంత ఎత్తుకి లేపించాలి... దిగడం గురించి ఒక్కరూ మాట్లాడరు. వాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ఒకటే. పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కొండలకి తయారు చెయ్యడమంటే దిగడానికి తయారు చెయ్యడం. కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్టు పని చేసే స్థితికి తెచ్చాకే కొత్తది ఏదైనా తగిలించడం. ఎక్కలేని బండి మహా అయితే ఆగిపోతుంది, వెనక్కి తిప్పుకుని వచ్చేస్తాం, నలుగురు నవ్వుతారు. దిగలేని బండికి ఆ అవకాశం లేదు.

ఇది నేను ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు. మాది కొడిమ్యాల. మా మండలం పేరు దేశమంతా వినిపించిన రోజు ఒకటుంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోయే ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ, ఇంకాస్త పోతే కింది రోడ్డు అనగా, లోయలో పడింది. బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. అరవై మందికి పైగా చనిపోయారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్... మా పక్క ఊళ్ళ వాళ్ళే ఎక్కువ. డ్రైవర్ కూడా బతకలేదు. బ్రేకులు పడలేదన్నారు, బండి పాతదన్నారు, పట్టనంత మందిని ఎక్కించారన్నారు, డీజిల్ మిగల్చడానికి న్యూట్రల్‌లో దింపుతారన్నారు. ఎవరి తప్పెంతో తేల్చడం నా పని కాదు. నాకు మిగిలింది ఒక్క సంగతి. కొండ ఎక్కినప్పుడు ఆ బస్సుకి ఏమీ కాలేదు. పోయింది దిగేటప్పుడే. పైగా కొండగట్టు ఏమంత పెద్ద కొండ? హిమాలయం కాదు, నల్లమల కూడా కాదు.

అలాగని ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. తిరుమల పోయినవాళ్ళందరికీ తెలుసు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. రెండింటికీ టైము పెట్టారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి, దిగడానికి కనీసం 40. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకునేవాడికి ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. దేవస్థానం వాళ్ళకి మాత్రం విషయం బాగా తెలుసు :) అమెరికాలో ఉన్నవాళ్ళు కొలరాడోలో పైక్స్ పీక్ పోయే ఉంటారు. అక్కడ దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్ బండి ఆపి, బ్రేకు ఎంత వేడెక్కిందో మీటరు పెట్టి చూస్తాడు. బాగా కాలి ఉంటే పక్కకి పెట్టి చల్లారేదాకా కూర్చోమంటాడు. ఎక్కేటప్పుడు అలా ఆపి చూసేవాడెవడూ ఉండడు.

ఇంజనీర్లం కాబట్టి ఓ చిన్న లెక్క వేద్దాం. బండి, మనుషులు, సామాను కలిపి 1800 కిలోలనుకోండి. నిలువుగా 1000 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 17.6 మెగాజౌళ్ళు. మామూలు నీళ్ళు ఏడు లీటర్లు పొయ్యి మీద పెట్టి, చుక్క మిగలకుండా ఆవిరి చెయ్యడానికి కావలసినంత వేడి అది. గాలీ, టైర్ల రాపిడీ కొంత తినేస్తాయి. మిగిలినది ఇంజనుకైనా పోవాలి, బ్రేకులకైనా పోవాలి. ఖర్దుంగ్ లా నుంచి లేహ్‌కి దిగితే తేడా 1800 మీటర్ల పైనే, అంటే దాదాపు రెట్టింపు. పన్నెండు లీటర్ల నీళ్ళు ఆవిరయ్యే వేడిని నాలుగు చక్రాల దగ్గరున్న ఇనుప ముక్కల చేత మోయిద్దామా? అవి ఇరవై ఏళ్ళవి కూడానూ.

మన పాత మహీంద్రాల్లో చాలావాటికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. జిప్సీకి ముందు డిస్కు, వెనక డ్రమ్ము. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనర్ నుంచి దూరం జరుగుతుంది. పెడల్ ఇంకా లోపలికి తొక్కాల్సొస్తుంది. లైనర్ కూడా వేడికి పట్టు తప్పుతుంది. అసలు ప్రమాదం బ్రేక్ ఆయిల్‌ది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, దాని స్వభావమే అంత. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం 140. డాట్ 4 అయితే 230, 155. చూశారా ఎంత పడిపోతుందో! మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. పెడల్ నేలకి ఆనుతుంది, బండి ఆగదు. చల్లారితే మళ్ళీ మామూలే. అందుకే మర్నాడు పొద్దున్న మెకానిక్ తొక్కి చూసి "బ్రేకులు మంచిగనే ఉన్నయి గద" అంటాడు. రీప్రొడ్యూస్ కాని బగ్గు అన్నమాట.

జగిత్యాలలో మావాళ్ళ బండ్లు చూసే ఉస్తాద్ ఒకాయనున్నాడు. మా బామ్మర్ది పాత జీపు తీసుకొచ్చి లైట్ల గురించి అడుగుతుంటే ఆయన అన్న మాట: "లైట్లు ఎన్ని వెట్టినా లోయ లోయనే సేటు. ముందుగాల డ్రమ్ములిప్పుదాం." ఇప్పితే వెనక కుడి చక్రం వీల్ సిలిండర్ కారుతోంది, లైనర్ అంతా ఆయిల్. ఎడమది బాగానే ఉంది. అంటే బ్రేకు కొడితే బండి ఒక పక్కకి లాగుతుంది. పైకి మాత్రం కొత్త పెయింటు, కొత్త సీట్లు. ఆ రోజు పని మొత్తం వీల్ సిలిండర్లు, లైనర్లు, చక్రాల దగ్గరి రబ్బరు హోసులు, కొత్త ఆయిల్, ఎయిర్ తియ్యడం, హ్యాండ్ బ్రేక్ బిగించడం. అంతా కలిపినా మావాడు బేరమాడుతున్న లైట్ బార్ కన్నా తక్కువే అయింది. రబ్బరు హోసుల మాట మళ్ళీ చెప్తున్నా. పైకి నల్లగా నిగనిగలాడుతుంటాయి, లోపల ఉబ్బి ఉంటాయి. పాతికేళ్ళ రబ్బరుని నమ్మే పని పెట్టుకోవద్దు.

ఇక ఇంజను సంగతి. ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లో దిగు అని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నందుకు మనకి దక్కే అసలు వరం ఇక్కడుంది. చాలామంది అనుకునేదేమిటంటే నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి బండి బాగా ఆగుతుందని. కాదండీ, ఆల్టోకి కూడా నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి. మనకి అదనంగా ఉన్నది లో రేంజ్. పాత మహీంద్రా జీపుల్లో అది దాదాపు రెండున్నర రెట్లు. మొదటి గేరు, లో రేంజ్ వేసి, కాళ్ళు రెండూ పెడళ్ళ మీంచి తీసేస్తే రాళ్ళ దారిలో బండి ముసలి ఎద్దులా నిదానంగా దిగుతుంది. ఆ పట్టు నాలుగు చక్రాలకీ సమానంగా అందుతుంది. బ్రేకు చల్లగా ఉంటుంది, నిజంగా అవసరం పడ్డప్పుడు పని చేస్తుంది. ఒక్క జాగ్రత్త. ఈ పాత బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. కాబట్టి పొడి తారు రోడ్డు మీద, మలుపుల్లో, ఫోర్‌వీల్ వెయ్యకూడదు. గేర్లు బిగుసుకుపోతాయి. తారు రోడ్డు ఘాట్‌లో టూవీల్‌లోనే రెండో గేరు, అవసరమైతే మొదటి గేరు. మట్టి, రాళ్ళు, మంచు ఉన్నచోట ఫోర్ లో. ముందు హబ్బులు చేత్తో లాక్ చేసే బండ్లయితే అవి నిజంగా లాక్ అవుతున్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. ఏళ్ళ తరబడి తిప్పకపోతే లోపల గ్రీజు గట్టిపడి ఊరికే తిరుగుతుంటాయి.

న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగులుతుందనే నమ్మకం మన దగ్గర ఎంత గట్టిగా నాటుకుందో! ఇంత శుద్ధ అబద్ధం ఇన్నేళ్ళు ఎట్లా బతికిందో నాకర్థం కాదు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. కొత్త ఇంజన్లలో కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది, పాత డీజిల్ పంపుల్లో గవర్నర్ అదే పని చేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఐడిలింగ్‌కి ఇంధనం తాగుతుంది. అంటే గేర్‌లోనే తక్కువ ఖర్చు. ఇంజన్ని పూర్తిగా ఆపేసి దించేవాళ్ళు ఇంకొందరు. బ్రేకుకి బలమిచ్చే బూస్టర్ పని చేసేది వాక్యూమ్ మీద. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కులకి ఆ వాక్యూమ్ అయిపోతుంది. డీజిల్ బండ్లలో చాలావాటికి వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్‌తో పాటే తిరుగుతుంది, ఆ రెంటినీ తిప్పేది ఒక బెల్టు. బెల్టు తెగితే చార్జింగూ పోతుంది, బ్రేకు బలమూ పోతుంది. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. స్పేర్ బెల్టు, అది మార్చడానికి సరిపోయే పానాలు సీటు కింద ఉన్నాయా? నేను అడిగిన ముగ్గురిలో ఒక్కరి దగ్గరా లేవు. లైట్ బార్‌కి రిమోట్ కంట్రోల్ మాత్రం ఉంది.

ఇంకో సంగతి. బూస్టర్ బలం బయటి గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. 4500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 57 శాతమే. కాబట్టి హైదరాబాద్‌లో మెత్తగా ఉన్న పెడల్ కుంజుమ్ దగ్గర గట్టిగా ఉంటుంది. అదే బ్రేకు పట్టడానికి ఎక్కువ తొక్కాలి. బండిలో లోపం లేకపోయినా అంతే. ఇది ముందే తెలియకపోతే మనిషి మొదటి మలుపులోనే బెదిరిపోతాడు.

ఇప్పుడు పెద్ద టైర్ల దగ్గరికొద్దాం. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. జిప్సీ కింగ్‌కి కంపెనీ ఇచ్చేది 205/70 ఆర్15, వ్యాసం 668 మిల్లీమీటర్లు. మనవాళ్ళు వేయించేది 31 అంగుళాలవి, 787 మిల్లీమీటర్లు. 18 శాతం పెద్దవి. దాని అర్థం ఏమిటంటే, బ్రేకు అదే బలంతో పట్టినా రోడ్డు మీద ఆపే శక్తి 15 శాతం తగ్గింది. అదే గేర్‌లో, ఇంజను అదే వేగంతో తిరుగుతున్నా బండి 18 శాతం వేగంగా దిగుతుంది. టైరు బరువు పెరిగింది, బండి ఎత్తు పెరిగింది, మలుపులో ఒరిగే గుణం పెరిగింది. స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. దిగడానికి పనికొచ్చే ప్రతి గుణాన్నీ తగ్గించి, వీటికి వేలకి వేలు పోస్తున్నాం. రాయికి అడుగుభాగం తగలకుండా ఉంటుంది కదా అంటారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది నిజమే. కానీ మనం పోయే స్పితీ దారిలో ఆర్టీసీ లాంటి బస్సులే తిరుగుతాయండీ. హిమాచల్ వాళ్ళ బస్సు పోయే దారికి మన జిప్సీ సొంత టైర్లు చాలవా?

టైరు సైజు కన్నా టైరు వయసు చూడండి. పక్కగోడ మీద చివర నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. గుబ్బలు కొత్తగా కనిపిస్తున్నా పదేళ్ళు దాటిన రబ్బరు చెక్కలా ఉంటుంది. స్టెప్నీ మీద కూడా చూడాలి. మామూలుగా అదే అన్నింటికన్నా ముసలిది.

గాలి సంగతి మా మేనమామ దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. ఇంజనీరింగ్ చదివిన మేమంతా యూట్యూబ్‌లో చూసి తెలుసుకుంటున్నది ఆయన సౌదీలో పదిహేనేళ్ళు ఇసకలో ల్యాండ్ క్రూజర్ నడిపి తెలుసుకున్నాడు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల్లో ఇట్లాంటివాళ్ళు వీధికొకరు దొరుకుతారు. మనం ఎవరం అడగం. "అల్లుడూ, బండి గుంజుతలేదంటే ఎక్సలేటర్ తొక్కుడు కాదు, గాలి తియ్యి" అంటాడు. గాలి కొంత తీస్తే టైరు నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది, రాళ్ళ మీద మెత్తగా పోతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి చాలు. నేను ఒప్పుకునే కొనుగోళ్ళలో అదొకటి. ముందూ వెనకా చాసిస్‌కి గట్టిగా బిగించిన టోయింగ్ కొక్కేలు, ఒక మంచి తాడు, ఇంజను కింద రేకు. ఇవన్నీ సరే.

రేడియేటర్ మూత గురించి రెండు ముక్కలు. లేహ్‌లో కుక్కర్ లేకపోతే అన్నం సరిగా ఉడకదు, తెలుసు కదా. 4500 మీటర్ల దగ్గర నీళ్ళు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజను మామూలుగా నడిచే వేడి కూడా ఇంచుమించు అంతే. మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే మరిగే స్థానం 110 దాటుతుంది. మూత స్ప్రింగు పోతే 85కే తెర్లుతుంది. కరీంనగర్ ఎండలో ఎప్పుడూ కాగని బండి అక్కడ కాగితే ఇంజను తలకాయ ఇప్పించే ముందు మూత మార్చి చూడండి. కుక్కర్ గాస్కెట్ లాంటిదే అది. పై నుంచి గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజను అక్కడ మూడో వంతుకు పైగా శక్తి కోల్పోతుంది. దానికి మందు లేదు. నెమ్మదిగా పోవడం, బరువు తగ్గించుకోవడం.

బరువు! పైన క్యారియర్ మీద జెర్రీ క్యాన్లు, టెంటు, రెండు స్టెప్నీలు. ప్రతి కిలో దిగేటప్పుడు బ్రేకు మోయాల్సిన కిలో. అదీ నెత్తి మీద పెట్టుకుంటే మలుపులో ఒరిగేస్తుంది. పాత కమాన్ పట్టీల బుష్షులు, యూ బోల్టులు చూసుకోకుండా ఆ బరువు వేస్తే చెప్పేదేముంది. వంద మందిని ఎక్కించిన బస్సు గురించి ఎంత తిట్టుకున్నాం! మన బండి విషయానికొచ్చేసరికి ఆ లెక్క గుర్తుకు రాదు.

చట్టం కూడా ఉందండోయ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. అప్పుడు పెద్ద టైర్లు విప్పి పాతవి బిగించి తీసుకుపోయి, చూపించి, మళ్ళీ విప్పేవాళ్ళున్నారు. ఆడిట్ రోజున మాత్రం డాక్యుమెంట్లు సరిచేసే ప్రాజెక్టు మేనేజర్లు గుర్తొస్తారు నాకు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

"అయితే సరదా అనేదే వద్దంటావా?" అని మా జిప్సీ మిత్రుడు. సరదా వద్దనడానికి నేనెవర్ని? లైట్లు వేసుకో, స్టిక్కర్లు అంటించుకో. కానీ వరుస మార్చకు. టెస్టులు పాసవ్వని లెగసీ కోడ్ మీద కొత్త ఫీచర్ వేసి శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేస్తావా? మరి పిల్లల్ని ఎక్కించుకుని పోయే బండికి ఆ మాత్రం పట్టింపు లేకపోతే ఎలా?

టెస్టు కూడా మన దగ్గరే చేసుకోవచ్చు. మనాలీ దాకా పోనక్కర్లేదు. మాకు గోదావరి దాటితే నిర్మల్, ఆ పైన మహబూబ్ ఘాట్. విశాఖ వైపు వాళ్ళకి అనంతగిరి. స్పితీలో వేసుకుపోయే సామానంతా వేసుకుని, అంతమందీ కూర్చుని, గేర్‌లో ఒకసారి ఘాట్ దిగండి. కింద చదునుగా ఉన్నచోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, కాలుతుంది, కాస్త దూరంగా. ముందువి రెండూ ఒకలాగే వేడిగా ఉన్నాయా, వెనకవి రెండూ ఒకలాగే ఉన్నాయా చూడండి. ఒకటి మరీ కాలుతుంటే అక్కడ బ్రేకు విడవట్లేదు, లేదా బేరింగ్ పోతోంది. ఒకటి చల్లగా ఉంటే అక్కడ బ్రేకే పట్టట్లేదు. ఇంజను ఆన్‌లో ఉండగానే పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా లోపలికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ చూపించుకోవాలి. కాలిన డ్రమ్ముల మీద మాత్రం నీళ్ళు పొయ్యకండి, పగులుతాయి. చెట్టు కింద అరగంట కూర్చుని, టీ తాగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి దిగండి. తేడా ఏమైనా ఉంటే రెండోసారికే బయటపడుతుంది.